కల్లు పాకలో ఆముదాల కంపెనీ దావత్

సూర్యాపేటలో ఇప్పటికీ కొందరు ముసలివాళ్ళు దారి చెప్పేటప్పుడు "కల్లు పాక కాడ దిగు" అంటారు. అక్కడ పాక లేదు. అది పోయి ఎంత కాలమైందో వాళ్ళకూ తెలుసు. అయినా అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పాక పోయిన రోజున ఈ ప్రేమంతా ఎక్కడికి పోయిందని అడగాలనిపిస్తుంది. ఎవరినని అడగను? ఆనాడు అక్కడ నిలబడ్డవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

నేను పుట్టింది కోదాడ దగ్గర చిలుకూరులో. మా నాన్నా, మేనమామలూ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్ళే. నన్ను సూర్యాపేట ఇచ్చినప్పుడు మా అమ్మ, "పేటల ఇల్లు, రోడ్డు మీద దుకాణం, పిల్ల సుఖపడ్తది" అని వాడకట్టంతా చెప్పుకుంది. సుఖం సంగతి దేవుడెరుగు. వచ్చిన మర్నాడే మా అత్త నా చేతికి చీపురిచ్చి పాక ఊడవమంది. నా మొగుడు చెట్లు గీసి కల్లు నిండిన లొట్లు దించేవాడు. కల్లు పొయ్యడం, వచ్చినవాళ్ళ మంచీచెడ్డా చూడడం, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చడం అంతా మా అత్తే. మా మామ నా పెళ్ళికి ముందే పోయాడు. అప్పటి నుంచి దుకాణం ఆమె నోటి మీదే నడిచింది. "ఇగ సాలు, లెవ్వు" అని ఆమె అంటే ఎంతటి మొనగాడైనా లేచి ఇంటిదారి పట్టవలసిందే.

ఆ పాక మా మామ తండ్రి వేశాడు. ఊరి పొలిమేరలో, కోదాడ రోడ్డు నుంచి మిర్యాలగూడ బాట చీలే చోట. ఆముదాల బండ్లు రెండు దిక్కుల నుంచీ వచ్చి, పేటలోకి పోయే ముందు అక్కడే ఎడ్లను విప్పేవి. బండివాళ్ళకు నీడ కావాలి, తాగడానికి ఇంత చల్లగా ఏదైనా కావాలి. ఆయన నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పాడు. జనం పెరిగినకొద్దీ పాక పొడుగు పెరిగింది. మా మామ కాలానికి దానికి టేకు దూలాలు వచ్చాయి, మట్టి అరుగులు వచ్చాయి, ఎల్లమ్మ గద్దె వచ్చింది. పెళ్ళి సంబంధాలు అక్కడ మాట్లాడుకున్నారు, ఎడ్ల బేరాలు అక్కడ కుదుర్చుకున్నారు, అన్నదమ్ముల తగువులు అక్కడ తెగ్గొట్టుకున్నారు.

కంపెనీ వచ్చింది ఆ తరువాతే. ఆముదాలు కొని, గానుగ మిషన్లు పెట్టి నూనె తీసే కంపెనీ. కోదాడలో ఒక కొట్టు, మిర్యాలగూడలో ఒక కొట్టు, పెద్ద కార్ఖానా మా పాక పక్కన. దాని గేటు మీద ఉర్దూలో, ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలతో బోర్డు రాయించారు. ఆ బోర్డు చదివినవాణ్ణి నేను చూడలేదు. అందరూ "కల్లు పాక పక్కపొంటి కంపెనీ" అనేవాళ్ళు. పాక ఉన్న జాగా మాదని మేం అనుకున్నాం, తమదని కంపెనీ అనుకుంది. చాలాకాలం ఎవరు అనుకున్నది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

మా పాకకు ఒక పద్ధతి ఉండేది. అది చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. వాడుకగా వచ్చేవాళ్ళలో పెద్దమనుషులకు ఒక్కొక్కరికీ ఒక చెట్టు ఉండేది. ఆ చెట్టు లొట్టి దించి, దేంట్లోనూ కలపకుండా ఆ మనిషి రేకలోనే పొయ్యాలి. రేక అంటే తాటాకు మడిచి చేసే దొప్ప. మిగతా లొట్లన్నీ పెద్ద బుంగలో ఒంపి అందరికీ పోసేవాళ్ళం. ఒంటి చెట్టు కల్లు ఒంటికి మంచిదని వైద్యులు చెప్పేవాళ్ళు గాని, పాకలో దానికి ఇంకో లెక్క ఉండేది. "నాకు గాడ చెట్టున్నది" అంటే ఊళ్ళో ఇల్లున్నదని చెప్పుకున్నట్టే. భూములున్న రైతులకు అది మామూలు సంగతి. మూటలు మోసే హమాలీకి చెట్టుండడం మాత్రం మా దగ్గర తప్ప ఎక్కడా లేదు.

ఆ హమాలీ కంపెనీ హమాలీలందరికీ పెద్ద. ఒకసారి ఆముదాల బస్తాలు మీద పడి ఆయన పక్కటెముకలు విరిగాయి. నెలల తరబడి మంచం దిగలేదు. కంపెనీ వాళ్ళు చూడను కూడా రాలేదట. అప్పుడు మా మామ, వెనకాల కట్ట మీదున్న పోతుతాటిచెట్టు ఆయనకు రాసిచ్చినట్టు చెప్పి, ఆ చెట్టు కల్లు రోజూ ఇంటికి పంపాడు. ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక పాకకే వచ్చి తాగేవాడు. మా అత్తను చెల్లె అని పిలిచేవాడు. మా మామ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము పట్టిందీ ఆయనే. తాగి తూలడం గాని, ఒక మాట ఎక్కువ అనడం గాని నేనెప్పుడూ చూడలేదు. తన రేక తాగేవాడు, మడిచి పక్కన పెట్టేవాడు, "పోతున్న చెల్లె" అని లేచేవాడు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ గడబిడ రోజులు వచ్చాయి. ఒకనాడు సర్కారు మనుషులు వచ్చేవాళ్ళు, ఇంకోనాడు దళాలవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎవరొచ్చినా మాకు పరేషానే. బండ్లు ఆగిపోయాయి, కంపెనీకి తాళం పడింది, హమాలీలకు పని పోయింది. మేం పాక మూసి చిలుకూరులో మా అమ్మ వాళ్ళింటికి పోయాం. తిరిగి వచ్చేసరికి పక్కనున్న గుడిసెలు కాలి బూడిదై ఉన్నాయి గాని పాక అట్లాగే ఉంది. ఆ పెద్ద హమాలీ దాని ముందు మంచం వేసుకుని, తన మనుషులతో కావలి కాశాడు. ఎవరు చెప్పారని? ఎవరూ చెప్పలేదు. మా అత్త అడిగితే, "ఊకె ఇంట్ల కూసుంటే ఏమొస్తది చెల్లె, గీడ కూసున్న" అన్నాడు.

పోలీస్ యాక్షన్ అయిపోయింది. రోడ్లు తెరుచుకున్నాయి. కంపెనీ మునుపటి కంటే గట్టిగా మొదలైంది. బెజవాడ దిక్కు నుంచి ఒక కొత్త గుమాస్తా వచ్చాడు. తెల్లని పంచె, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, మనల్ని "మీరు" అంటూనే మన మాట వినిపించుకోని మనిషి. వచ్చీ రాగానే ఆయన కన్ను మా పాక మీద పడింది. ఆముదాలకు కొత్త గోదాము కావాలట, దానికి రోడ్డు మీది జాగా కావాలట. ఒక పొద్దున హమాలీలను వెంటబెట్టుకుని వచ్చి పాక విప్పమన్నాడు.

ఎవరూ కదల్లేదు. పెద్ద హమాలీ తలగుడ్డ తీసి అరుగు మీద పరుచుకుని దాని మీద కూర్చున్నాడు. "మూటలు మొయ్యమను, మోస్తం. గీ పాక మీద చెయ్యేసుడు మా పని గాదు" అన్నాడు. మిగతావాళ్ళూ వరసగా కూర్చున్నారు. సీజను మధ్యలో హమాలీలు కూర్చుంటే కంపెనీ ఏమవుతుందో గుమాస్తాకు తెలుసు. గేటు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మా పాకకు పట్టా అంటూ ఏదైనా ఉంటే అది ఆ రోజు ఆ మనుషులు అట్లా కూర్చోవడమే.

ఇది నాకు తెలిసింది. నా మొగుడికి తెలిసింది. మా అత్తకు మాత్రం తెలియలేదు. ఆమె మనసులో జాగా ఇచ్చేవాడు సేటు, తీసుకునేవాడు సేటు. సేటు హైదరాబాదులో ఉండేవాడు. ఆయన్ను మేమెవరమూ చూడలేదు. ఒక్కసారి ఆయన వచ్చి పాక చూస్తే చాలు, అంతా ఖరారైపోతుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకాన్ని గుమాస్తా ఎట్లా పసిగట్టాడో గాని, సీజను అయిపోవస్తుండగా చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "చూడమ్మా, గొడవలన్నీ తీరాక మొదటి సీజను ఇది. సేటుగారు కంపెనీ వాళ్ళందరికీ విందు ఇస్తున్నారు. కోదాడ వాళ్ళు, మిర్యాలగూడ వాళ్ళు, ఇక్కడి వాళ్ళు అందరూ వస్తారు. ఇంతమంది పట్టే చోటు మీ పాకే కదా. ఆయన కూడా స్వయంగా వస్తున్నారు" అన్నాడు.

"జాగ మాకుంటదా అయ్యా?" అంది మా అత్త.

"ఆయన సంతోషపడితే ఎందుకుండదమ్మా?"

ఉంటుందని ఆయన అనలేదు. ఎందుకుండదు అన్నాడు. నేను ఆ మాటే మా అత్తతో అంటే, "నీకన్ని అనుమానాలే పిల్లా, నోరు మంచిది చేసుకో" అని కసిరింది. ఆ రోజు నుంచి ఆమె కాలు నేల మీద నిలవలేదు. అరుగులు అలికించింది, గుంజలకు ఎర్రమట్టి జాజు పూయించింది. అనంతగిరి దిక్కు నుంచి వచ్చే గొల్లాయనకు చెప్పి మంచి గొర్రెపోతులను తెప్పించింది. పండగకు కూడా అంత పని చేయించలేదు నాతో. నడుము పడిపోయిందంటే వినే మనిషి కాదు.

అప్పుడప్పుడే తాటిచెట్లకు కల్లు పారడం మొదలైంది. సగం చెట్లకు ఇంకా లొట్లు కట్టలేదు. దావత్‌కు సరిపోయే కల్లు కోసం నా మొగుడు పక్క ఊళ్ళ వాళ్ళను బతిమాలాడు. అదంతా కుదిరింది. ముందురోజు పొద్దున నేను గుడాలు ఉడకబెట్టడానికి బొబ్బర్లు ఏరుతున్నాను. ఆయన చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వచ్చి తల్లిని అడిగాడు.

"సేటుకు ఏ చెట్టుది పోద్దామే అవ్వా?"

"కట్ట మీదిది. దాని తీపి ఇంక దేనికున్నది" అంది ఆమె, ఆలోచించకుండానే.

నా చేతిలో చాట ఆగిపోయింది. "గది పెద్దాయన చెట్టు గద అత్తమ్మా" అన్నాను.

"ఒక్క పూటనే గద. ఆయనకు బుంగలది పోద్దాం. ఆయన మనోడే, ఏమనుకుంటడు?"

"అనుకుంటడు. ముందుగాల ఒక్కమాట అడుగు."

"అడిగితే కాదంటడా? కాదననోన్ని అడుగుడెందుకు?"

నేను నా మొగుడి వైపు చూశాను. ఆయన మోకు సర్దుకుంటూ ఆకాశంలోకి చూశాడు. ఆ మనిషితో నాకు జీవితమంతా ఇదే బాధ. మనసులో నాతోనే ఉంటాడు, నోరు మాత్రం తల్లికి అప్పగించేశాడు. "నువ్వన్న చెప్పు" అంటే, "అవ్వకు తెల్వదా ఏంది" అని గొణిగి చెట్ల దిక్కు పోయాడు.

మనోడే. ఈ మాట మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. పైవాడైతే వంగి వంగి అడుగుతాం, కూర్చోబెట్టి మర్యాద చేస్తాం. మనోడైతే అడగకుండా తీసుకుంటాం, పైగా వాడికి నొప్పి తగలదని కూడా మనమే తేల్చేస్తాం. మా అత్త చెడ్డది కాదు. ఆకలన్నవాణ్ణి ఒట్టి చేతులతో పంపలేదు ఎన్నడూ. కాని ఆ రోజు ఆమెకు తనను ఇన్నాళ్ళూ కాపాడిన మనిషి కంటే, ఎన్నడూ చూడని సేటు ఎక్కువైపోయాడు.

దావత్ రోజు పొద్దు వాలుతుండగా అందరూ వచ్చారు. కోదాడ గుమాస్తాలు, మిర్యాలగూడ గుమాస్తాలు చాపల మీద, హమాలీలు అరుగుల మీద, బండివాళ్ళు బయట చింతచెట్ల కింద. సేటు కోసం కార్ఖానా నుంచి కుర్చీ మోసుకొచ్చారు. సన్నటి మనిషి, నల్ల టోపీ, నిదానంగా మాట్లాడతాడు. ఆయన్ను చూస్తే నాకు కోపం రాలేదు, అదే ఇంకా చిరాకు. ఉర్దూ, తెలుగు కలిపి నాలుగు మాటలు చెప్పాడు. గొడవల్లో కంపెనీ పోయిందనుకున్నాననీ, మీ అందరి చెమటతో నిలబడిందనీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా అత్త ఎల్లమ్మ గద్దె ముందు సాక పోసింది. తొలి కల్లు ధార అమ్మవారికి పొయ్యందే ఎవరికీ రేక ఇచ్చే ఆచారం లేదు. తరువాత తళతళలాడే ఇత్తడి చెంబులో కట్ట మీది చెట్టు కల్లు నింపి, ఉతికిన గుడ్డ కప్పి, కొంగు నడుముకు చుట్టుకుని సేటు ముందుకు తీసుకుపోయింది. రెండు చేతులతో పట్టుకుని వంగింది. మా అత్త వంగడం నేను చూడడం అదే మొదటిసారి.

సేటు చెయ్యి నుదుటికి తాకించుకుని గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా ఇటు తిరిగాడు. "సేటుగారు కల్లు పుచ్చుకోరమ్మా. మాంసం కూడా ముట్టరు. పక్కన పెట్టెయ్."

ఆమె నవ్వుతూనే చెంబును కుర్చీ పక్కన నేల మీద పెట్టింది. నేను అణుచుకోలేకపోయాను. గుమాస్తా విస్తళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు, "తాగడని ముందుగాల చెప్పొద్దా?" అన్నాను.

"నన్నడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ మర్యాదకు చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంతలో నా మొగుడు బుంగ నుంచి ముంచుకుని అరుగుల వెంట పోసుకుంటూ వస్తున్నాడు. పెద్ద హమాలీ ముందుకు వచ్చేసరికి తల దించుకున్నాడు. ముసలాయన రేక పట్టాడు. ఒక గుక్క తాగాడు, మింగలేదు. పక్కకు ఉమ్మి, "ఇది నాది గాదు" అన్నాడు.

నా మొగుడు తల్లి వైపు చూశాడు. ఆమె తొందరగా వచ్చింది. "ఈ ఒక్క పూటకు సర్దుకో అన్నా. నీ చెట్టుది సేటుకు పెట్టిన."

ఆయన సేటు వైపు చూశాడు. కుర్చీ పక్కన గుడ్డ కప్పిన చెంబు కనబడింది. "తాగిండా?" అన్నాడు.

"తాగలే. ఆయనకు అలవాటు లేదంట."

ఆయన రేక చేతిలోనే ఉంది. అక్కడితో మా అత్త ఊరుకుని ఉంటే, తప్పయింది అన్న ఒక్క మాట అని ఉంటే, ఆయన మొహం చిన్నబుచ్చుకునైనా కూర్చునేవాడు. నాకు ఆ నమ్మకం ఉంది. కాని ఆమె గబగబా పోయి ఆ చెంబు తెచ్చింది. అందరి ముందూ. "ఇగో, ఆయన ముట్టనే లేదు. నువ్వే తాగన్నా" అంది.

 నేను కళ్ళు మూసుకున్నాను.

"సేటు వద్దన్నది నాకా చెల్లె?" అన్నాడు ఆయన.

గొంతు పెంచలేదు. రేక మడిచి అరుగు మీద పెట్టి, తలగుడ్డ దులిపి చుట్టుకుని బయటికి నడిచాడు. పోతున్న అని కూడా చెప్పలేదు. ఆయన పక్కనున్నవాడు రేక పెట్టి లేచాడు. ఆ పక్కవాడు లేచాడు. కాసేపటికి అరుగులు ఖాళీ అయ్యాయి. గొర్రె కూర ఇంకా పొయ్యి మీదే ఉంది, ఒక్క హమాలీ కూడా విస్తరి ముట్టలేదు. సేటు గుమాస్తాను ఏదో అడిగాడు. గుమాస్తా వంగి ఆయన చెవిలో చాలాసేపు చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు గాని, ఆయన పాక కప్పు వైపు, దూలాల వైపు ఒకసారి చూశాడు.

మర్నాటి నుంచి హమాలీలు పాకకు రావడం మానేశారు. నా మొగుడు కట్ట మీది చెట్టు లొట్టి దించి ముసలాయన ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య తలుపు దగ్గరే, "వద్దన్నడు బిడ్డా" అని చెప్పి పంపింది. ఇంకోసారి పోయినా అదే జవాబు. అప్పుడు నేను మా అత్త మీద పడ్డాను.

"నువ్వు పో అత్తమ్మా. పోయి తప్పయిందను. నీకు ఎన్నడు ఎదురు చెప్పని మనిషి ఆయన."

"నేనేం చేసిన? జాగ నిలవెట్టాల్నని చేసిన. జాగ ఎవరికోసం? వాళ్ళు కూసుండేందుకే గద."

"గా మాటే పోయి చెప్పు."

"ఇన్నేండ్ల సంబంధం చెంబెడు కల్లుకు తెంపుకునేటోనికి నేను పోయి మొక్కాల్నా?"

ఆమె పోలేదు. ఆయన రాలేదు. ఇద్దరి ఇళ్ళ మధ్య ఒక కేక వేస్తే వినిపించేంత దూరం. ఇద్దరికీ తెలుసు ఎవరు ఎంత బాధపడుతున్నారో. సాయంత్రం హమాలీలు కార్ఖానా గేటు దాటి వచ్చే వేళకు ఆమె లేచి గుమ్మంలో నిలబడేది. వాళ్ళు రోడ్డుకు అవతలి పక్క నుంచి పోయేవాళ్ళు. ఆమె లోపలికి వచ్చి నన్ను ఏదో ఒకదానికి తిట్టేది. బుంగ సరిగా కడగలేదనో, పొయ్యిలో కట్టె ఎక్కువ పెట్టాననో. నేను పడ్డాను. అప్పటికి నాకు ఆమె మీద కోపం, జాలి రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా అయ్యింది.

తరువాత కొన్నాళ్ళకు గుమాస్తా వచ్చాడు. ఈసారి చేతులు నలుపుకోలేదు. "గోదాము పని మొదలుపెట్టమన్నారమ్మా సేటుగారు. సామాను తీసుకోండి" అన్నాడు.

"సంతోషపడితే జాగ ఉంచుతా అన్నవు గదయ్యా" అంది మా అత్త.

"ఆయనకు మీ మీద కోపమేం లేదమ్మా. హమాలీలు ఒప్పుకోరనే ఇన్నాళ్ళూ ఆగాం. ఇప్పుడు వాళ్ళకే అక్కర్లేనప్పుడు మేమెందుకు ఆగాలి?"

మా అత్త అరుగు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ మేం చెబితే ఎక్కని మాట, ఆ గుమాస్తా నోట వినగానే ఒక్కసారిగా ఎక్కింది. ఆమె మొహం చూస్తే నాకు, నేను చెప్పలేదా అనబుద్ధి కాలేదు. అప్పుడైనా ఆయన దగ్గరికి పోతుందేమో అనుకున్నాను. ఆమె లేచి, ఎల్లమ్మ గద్దె మీది పసుపు కుంకుమ తీసి కొంగులో కట్టుకుంది.

పాక విప్పడానికి వచ్చింది హమాలీలే. ఇంకెవరొస్తారు? కంపెనీ పని కంపెనీ మనుషులే చెయ్యాలి. పెద్ద హమాలీ కూడా వచ్చాడు. మా వైపు చూడలేదు. ఆయన మాట్లాడిందల్లా తన మనుషులతోనే. "కప్పు ముందు దించుండ్రి. దూలాలు పగలకుండ సూడుండ్రి, వాళ్ళకు పనికొస్తయి" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. పడగొట్టేవాడివి పడగొట్టు, మళ్ళీ ఈ మంచితనం ఎందుకు? అంత మా బాగు కోరేవాడివైతే, ఆనాడు కూర్చున్నట్టు ఈ రోజు కూడా తలగుడ్డ పరుచుకుని కూర్చోరాదా? ఒక్క చెంబు దగ్గర ఇంత పట్టుదలా? నోటిదాకా వచ్చింది. నా మొగుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఎండ నెత్తికెక్కింది. తాటాకు దుమ్ము లేచి అందరి ఒళ్ళూ బూడిదరంగుకు తిరిగాయి. అప్పుడు మా అత్త, "పిల్లా, నీళ్ళు తే" అంది.

"ఎవరికి? పాక పీకేటోళ్ళకా? నేను తేను" అన్నాను.

"ఎండల పని జేస్తున్నరు."

"జెయ్యనీ."

ఆమె నన్నేమీ అనలేదు. తనే కుండ ఎత్తుకుని, చెంబు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. వాళ్ళు తలలు దించుకుని దోసిళ్ళు పట్టి తాగారు. ఆఖరున పెద్ద హమాలీ దగ్గరికి పోయింది. ఆయన ఒక్క క్షణం అట్లాగే నిలబడి, తరువాత వంగి దోసిలి పట్టాడు. ఆమె పోసింది. ఆయన చాలాసేపు తాగాడు. ఇన్నాళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడడం అదే మొదలు.

నీళ్ళు పోస్తూనే ఆమె నెమ్మదిగా అడిగింది. "మల్ల ఏడ వెయ్యమంటవన్నా పాక? నువ్వొస్త అంటే ఆడ్నే ఏస్త."

 తప్పయింది అనే మాట మా అత్త నోట అంతకంటే దగ్గరగా ఎన్నడూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని ఆయన కళ్ళు చెప్పాయి. పైన దూలం ఒక కొస లేచింది. రెండో కొస పట్టేవాడు లేక కుర్రవాళ్ళు ఎవరో ఆయన్ను పిలుస్తున్నారు. ఆయన తలగుడ్డతో మూతి తుడుచుకుని, పోయి ఆ కొస పట్టుకున్నాడు.